ఆఖరి పిడి

"అరిగిపోయిన సబ్బు ఎవరు తింటారే? ఎలకలైనా ముట్టవు," అని అత్తగారు మంచం మీది నుంచి మూడోసారి అంది.

"తిన్నారని నేనన్నానా అత్తయ్యా? తీశారా అని అడిగాను. నిన్న సాయంత్రం వరకూ ఈ గట్టు మీదే ఉంది."

"తీసి ఏం చేసుకుంటాను? నా బట్టలు నువ్వే ఉతుకుతావు, నాకు నీళ్ళు నువ్వే పోస్తావు. నాకు సబ్బుతో ఏం పని?"

"మరి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోయిందా?"

"పోయుంటుంది. మూడంతస్తులూ దిగగలిగిందంటే నాకంటే అదే నయం."

నూనెక్కకి నవ్వొచ్చింది కానీ, నవ్వితే తగాదా వదులుకున్నట్టవుతుందని పెదవి బిగించి కొత్త సబ్బు విప్పింది. కొత్త సబ్బు చేతిలో ఇటుకముక్కలా ఉంది. అంచులు గుచ్చుకుంటున్నాయి. పాతది అలా కాదు. నెల్లాళ్ళు ఒకే చేత్తో పట్టి రుద్దితే సబ్బు చేతి మాట వింటుంది. ఏ వేలికి ఎక్కడ చోటు కావాలో అక్కడ అరుగుతుంది.

"మీరైనా చూశారా?" అని భర్తని అడిగింది.

మేస్త్రి రెండు చేతుల మధ్యా టీ కప్పు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నేనా? సబ్బా?" అన్నాడు. అంతే. కప్పు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని, రోజూ కంటే పది నిమిషాలు ముందే మెట్లు దిగిపోయాడు.

"చూశావా, నీ సాధింపు భరించలేక నా కొడుకు ఇల్లొదిలి పోయాడు," అంది అత్తగారు సంబరంగా.

కోడలికి నూనెక్క అనే పేరు మేస్త్రి పనిచేసే వర్క్‌షాపు వాళ్ళు పెట్టిందే. ఆ వర్క్‌షాపులో రివాల్వర్లు తయారుచేస్తారు. దుకాణాల్లో వరసగా వేలాడే రకం కాదు. పదకొండు మంది పనివాళ్ళు కలిసి ఏడాదికి ముప్పై చేస్తే గొప్ప. కొనేవాడు ముందుగా వచ్చి మెత్తటి మైనపు ముద్దని పిడికిట్లో పట్టి నొక్కాలి. ఆ ముద్ద మీద పడిన అచ్చుని బట్టి అతని చేతికి సరిపోయేలా అక్రోటు చెక్కతో పిడి చెక్కుతారు. పిడి అంటే రెండు చెక్కలు, కుడిదీ ఎడమదీ. గుండ్లు పట్టే సిలిండరు కూర్చోబెట్టడం, పిడి చెక్కడం మేస్త్రి పని. చెక్కిన వాటికి అవిసె నూనె పట్టించి, అరచేతి వేడితో రుద్ది రుద్ది మెరుపు తెచ్చే పని మాత్రం ఇంట్లో, నూనెక్కది. ముప్పై పూతలు. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరాలి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ మధ్యాహ్నాలు ఇలాగే గడిచాయి. ఆవిడ అరచేతుల రంగు మారిపోయింది, ఎంత కడిగినా పోని తేనెరంగు. ఇంత చేసినా, పూర్తయిన రివాల్వరుని ఆవిడ ఒక్కసారి కూడా పట్టుకోలేదు. చెక్కలు గుడ్డసంచిలో వచ్చేవి, గుడ్డసంచిలో వెళ్ళేవి. చెక్కల లోపలివైపు మేస్త్రి తన గుర్తు కొట్టేవాడు. ఆవిడ గుర్తు ఎక్కడా ఉండదు. అది ఇంటిపని కింద లెక్క.

ఇంకో మూడు నెలల్లో మేస్త్రి పని మానేస్తున్నాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పని మానేసే మేస్త్రి ఆఖరుగా చేసిన రివాల్వరు అతనిదే అవుతుంది. కాగితాలు పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు, లేదంటే వర్క్‌షాపు వాళ్ళు అమ్మిపెట్టి ఆ ధర చేతికిస్తారు. ఆ ధర తక్కువేం కాదు. ఇదే మేడలో కింద దర్జీ ఉండే రెండు గదుల వాటా వచ్చేస్తుంది. దర్జీ ఖాళీ చేస్తున్నాడు కూడా. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వీధి మొహం చూసి రెండేళ్ళయింది. మూడో అంతస్తు కిటికీలోంచి ఆవిడకి ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇంత చక్కగా లెక్క కుదిరిన చోట, మేస్త్రి అడ్డం తిరిగాడు.

"అమ్మను. ఇంటికి తెచ్చుకుంటాను," అన్నాడు.

ఆ మాట అన్నది కూతురూ అల్లుడూ భోజనానికి వచ్చిన సెలవురోజున. కూతురు ఆసుపత్రిలో నర్సు, దెబ్బలు తగిలినవాళ్ళని తెచ్చే వార్డులో. అల్లుడు లిఫ్టు మెకానిక్కు.

"నాన్నా, ముక్కుసూటిగా అడుగుతున్నా," అంది కూతురు చెయ్యి కంచంలో ఆపి. "చవక తుపాకీ తగిలినవాడికీ, ఖరీదైన తుపాకీ తగిలినవాడికీ నేను కట్టే కట్టు ఒకటే. ఇంక ఆ ధర దేనికంటావు?"

మేస్త్రి అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"మామయ్యా, ఫ్యాక్టరీది దీని ధరలో పదో వంతుకి వస్తుంది," అన్నాడు అల్లుడు. "అదీ ఆరు గుండ్లే, ఇదీ ఆరే. ఇంత పోసినందుకు ఏడోదేమైనా ఇస్తారా?"

"నువ్వు మాట్లాడకు బాబూ," అంది అత్తగారు. "ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తావు. నన్ను మాత్రం అటక మీద పాత బిందెలా ఇక్కడ పెట్టి ఊరుకున్నారు."

"లిఫ్టు లేని మేడలో లిఫ్టు ఎలా బాగుచెయ్యను బామ్మా?"

"అదే నీ తెలివి."

అందరూ నవ్వారు గానీ కూతురు నవ్వలేదు. "అది ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాపని ఇక్కడ వదిలి డ్యూటీకి వెళ్ళను. ముందే చెప్తున్నా," అంది. మేస్త్రి భోజనం ముగించాడు. చేయి కడుక్కుని వచ్చాక ఒక కాగితం తెచ్చి భార్య ముందు పెట్టాడు. ఆయుధం ఇంట్లో ఉంచుకోవడానికి ఇంటివాళ్ళకి అభ్యంతరం లేదని రాసిన కాగితం. కింద ఆవిడ సంతకం కావాలి.

"నేను పని మానేలోపు," అన్నాడు మెల్లగా.

నూనెక్క సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. కాగితాన్ని మడిచి గరిటెల సొరుగులో పెట్టింది. కూరగాయలు బేరమాడకుండా తెచ్చే మనిషి, ముప్పై ఏళ్ళలో తన కోసం ఒక చొక్కా కూడా అడగని మనిషి, మొదటిసారి ఒకటి కావాలన్నాడు. కాదనడానికి నోరు రాదు. అవునంటే మనవరాలు రాదు, అత్తగారికి వీధి లేదు. కాగితం అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ గరిట తీసినప్పుడల్లా దాన్ని ఇంకాస్త లోపలికి తోస్తూనే ఉంది.

ఈలోగా ఆ ఆఖరి రివాల్వరు చెక్కలు గుడ్డసంచిలో ఇంటికొచ్చాయి. ఎప్పుడూ ఉండే కొన్నవాళ్ళ నంబరు చీటీ వాటికి లేదు. ఎవరూ కొనలేదు కదా, చీటీ ఎందుకుంటుంది అనుకుంది. చేతిలోకి తీసుకోగానే చిన్నవనిపించింది. "కొలత తగ్గిందేమో చూశారా? ఇది మగాడి చేతికి చాలదే," అంది. "సరిగ్గానే ఉంది. నువ్వు నూనె పట్టించు," అన్నాడాయన.

అయిదో పూత వేస్తుండగా ఆవిడ బొటనవేలికి అది తగిలింది. ఎడమ చెక్క అడుగున, ముందంచు దగ్గర, ఒక గుంట. పక్కకి వాలినట్టు, వంకరగా ఉంది. అక్కడ గుంట ఉండకూడదు. ముప్పై ఏళ్ళలో వందల జతలు ఆ చేతుల మీదుగా వెళ్ళాయి, ఎక్కడ ఏముండాలో ఆవిడకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇది ఆకురాయి జారితే పడే గుంట.

నూనెక్క చెక్కని ఒళ్ళో పెట్టుకుంది.

ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. పనిలో ఉంటే ఆగుతుంది, కప్పు పట్టుకుంటే మొదలవుతుంది. ఈ సంగతి తనకి తెలుసని ఆయనకి తెలియదు. పాలు చాలడం లేదని అబద్ధం చెప్పి ఏడాదిగా ఆవిడ ఆయనకి అరకప్పు టీయే పోస్తోంది, తొణక్కుండా. ఇప్పుడా వణుకు పనిలోకి కూడా వచ్చేసిందన్నమాట. అదీ ఆఖరి ముక్కలోకి. రేపు వర్క్‌షాపులో పదిమందీ చేతిలోకి తీసుకుని చూస్తారు. పైకేమీ అనరు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అది చాలు ఆయనకి.

మూడు మధ్యాహ్నాలు, అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు, ఆవిడ చెక్క రుద్దే ఎమరీ కాగితాల్లో అన్నిటికంటే నున్నటిది తీసుకుని ఆ గుంట చుట్టూ అంచుని చెక్క నొవ్వకుండా అరగదీసింది. ఆ వంపుని మెల్లగా పక్క వంపులో కలిపేసింది. బయటపడ్డ లేత చెక్క మీద పూత మీద పూత వేసింది. ముప్పయ్యో పూతకి అక్కడ ఒకప్పుడు ఏదో ఉందని దేవుడికి కూడా తెలియదు. తన పనికి తనే మురిసిపోయింది. ఎవరితోనూ చెప్పుకోలేని మురిపెం.

చెక్కలు బిగించాల్సిన రోజున మేస్త్రి సంచి మరిచిపోయి వెళ్ళిపోయాడు. నూనెక్క తనే తీసుకుని బయల్దేరింది.

వర్క్‌షాపు ముందుగదిలో చిన్న యజమాని ఒకాయనకి గాజు పెట్టెలో ఉన్న నమూనా రివాల్వర్లు చూపిస్తున్నాడు. వచ్చినాయన పళ్ళ డాక్టరు. పొడుగాటి మనిషి, చేతులు చేటలంత ఉన్నాయి. మైనపు ముద్ద మీద కొలత అప్పటికే ఇచ్చేశాడు గానీ ధర దగ్గర ఆగిపోయినట్టున్నాడు. మేస్త్రిని లోపల్నుంచి పిలిపించారు. నూనెక్క తలుపు పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఈయన చెప్పేది విన్నాను. మీరు చెప్పండి మేస్త్రీ," అన్నాడు డాక్టరు. "దీనికి ఇంత ధర తగునా?"

"పేల్చడానికాండీ? అయితే తగదు," అన్నాడు మేస్త్రి.

చిన్న యజమానికి పొలమారింది.

"గుండుకి ధర తెలియదండీ. ఫ్యాక్టరీది మంచిది కొనుక్కోండి, మీ జీవితకాలం పనిచేస్తుంది. ఇక్కడ మేం చేసే పని వేరు. సిలిండరు సరిగ్గా కూర్చోబెట్టడానికి నాకు పన్నెండు రోజులు పడుతుంది. రెండో రోజుకే అది బ్రహ్మాండంగా తిరుగుతుంది. మిగతా పది రోజులూ నేను చేసేది ఎవరికీ కనపడదు. కొన్నాయనకి కూడా కనపడదు. మీరిచ్చే డబ్బు ఆ పది రోజులకి. అవి మీకు కావాలో అక్కర్లేదో నేనెలా చెప్పను?"

డాక్టరు నవ్వాడు. "నేనూ పన్ను కట్టాక వెనకవైపు నున్నగా చేస్తాను. అద్దంలో ఎవరికీ కనపడదు. కానీ నాలుకకి తెలుస్తుంది." గాజు పెట్టె వైపు తిరిగి, "సిద్ధంగా ఉన్నదేమైనా ఉందా? ఏడాది ఆగమంటే నా వల్ల కాదు," అన్నాడు.

"ఒక్కటే ఉంది. అది మేస్త్రి ఉంచుకుంటున్నాడు," అన్నాడు చిన్న యజమాని, కాస్త పుల్లగా.

ముప్పై ఏళ్ళు కాపురం చేసి, ఆయన అంతసేపు మాట్లాడ్డం నూనెక్క వినలేదు. లోపల ఆయన బల్ల దగ్గరికి నడుస్తుంటే, తను మొదటిసారి ఇక్కడికి చెక్కలు తెచ్చిన రోజు గుర్తొచ్చింది. కొత్తగా పెళ్ళయిన రోజులు. ఆ హడావిడిలో ఇదిగో ఈ ఇనపతలుపు ఆవిడ కుడిచేతి చిటికెన వేలి మీద పడింది. తలుపు వేసింది ఆయనే. వేలు వంకరగానే అతుక్కుంది.

"కింది సొరుగులో మెత్తటి గుడ్డ ఉంది, తీసివ్వు," అన్నాడు మేస్త్రి, చెక్కలు బయటికి తీస్తూ.

ఆవిడ పొరపాటున పై సొరుగు లాగింది. దూది మీద పసుపచ్చటి సబ్బు. సగం అరిగింది. దాని నడుం చుట్టూ పెన్సిలు గీతలు.

"ఇదిక్కడుందా!" అంది నూనెక్క. "మీరు తీసి అత్తయ్యని దొంగని చేశారా!"

ఆయన తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆవిడ సబ్బుని చేతిలోకి తీసుకుంది. ప్రతి వేలూ తన చోటికి తాను వెళ్ళి కూర్చుంది. అన్నిటికంటే కింద, పక్కకి వాలిన ఒక వంకర గుంటలో, చిటికెన వేలు.

చెక్క మీద తను అరగదీసిన గుంటా ఇదే.

ఆయన అప్పటికే రెండు చెక్కలూ పెట్టి మర బిగించేశాడు. సిలిండరు పక్కకి తెరిచి ఆరు ఖాళీ గదులూ చూపించి, మూసి, పిడి ఆవిడ వైపు తిప్పి చాపాడు. "పట్టుకో," అన్నాడు.

పట్టుకుంది. బరువుగా, చల్లగా ఉంది. అరచేయి నిండింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. చిటికెన వేలు మాత్రం నున్నటి చెక్క మీద జారి, చోటు దొరక్క నిలబడిపోయింది.

మేస్త్రి ఆ వేలినే చూస్తున్నాడు. "ఇక్కడ గుంట ఉండాలే," అన్నాడు.

"నేనే తీసేశాను," అంది ఆవిడ. "మీ చెయ్యి జారిందనుకున్నానండీ. నలుగురిలో మీకు చిన్నతనం అవుతుందని."

ఆయన రివాల్వరు తీసుకుని ఎడమ చెక్కని వెలుగు వైపు తిప్పాడు. బొటనవేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. "ఎక్కడ తీశావో నాకే తెలియట్లేదు. ఎంత బాగా తీశావే!" అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ సబ్బు చేత్తో పట్టుకునే ఏడ్చింది.

"ఎవరెవరి చేతులకో కొలిచి చేశాను," అన్నాడు. "అన్నిటి మీదా అరిగింది నీ చెయ్యి. నీ కొలతకి ఒక్కటీ చెయ్యలేదు."

"నేనేం చేసుకోను తుపాకీని? వంకాయలు కాలుస్తానా?"

"నాకింకేం చెయ్యడం వచ్చు? ఉంగరం చెయ్యడం వస్తే ఉంగరమే చేసేవాణ్ణి."

ఆవిడ ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. అది వణుకుతోంది. "ఇది నాకు తెలుసు," అంది.

"నాకూ తెలుసు, నీకు తెలుసని. ఏడాదిగా పాలు చాలవంటున్నావు. గిన్నెలో రోజూ మిగులుతూనే ఉన్నాయి."

ఆ రోజు ఇద్దరూ కలిసి నడిచి ఇంటికొచ్చారు. మర్నాడూ ఆ మర్నాడూ నూనెక్క పని చేసుకుంటూనే ఆలోచించింది. కూతురు అడిగింది తప్పు కాదు. గాయానికి ధర తేడా లేదు. కానీ చిటికెన వేలికి కూడా చోటు చేసిపెట్టిన ఆ పది రోజులున్నాయే, అవి ఇనుములో లేవు. అవి ఉన్నది ఆ రెండు చెక్కల్లో, చెక్కలు తనవి. ఇనుము ఎవరింట్లో ఉంటేనేం?

మూడోరోజు టీ నిండా పోసి, కప్పు కింద పళ్ళెం పెట్టి ఇస్తూ, "ఒక అక్రోటు చెక్కముక్క తెచ్చిపెట్టండి," అంది.

"ఎవరి కొలతకి?"

"పళ్ళ డాక్టరు మైనపు ముద్ద కూడా తెండి. నేను చెక్కుతాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి."

మేస్త్రి పళ్ళెంలో తొణికిన టీ వైపు చూశాడు. ఆవిడ తొందరపెట్టలేదు. ఆయన టీ తాగాడు, చెప్పులు తొడుక్కున్నాడు, వెళ్ళాడు. సాయంత్రం గుడ్డసంచి బరువుగా వచ్చింది. అందులో కొత్త చెక్కా ఉంది, చేటంత పిడికిలి అచ్చు పడిన మైనపు ముద్దా ఉంది, ఆఖరి రివాల్వరు నుంచి విప్పిన ఆ రెండు చిన్న చెక్కలూ ఉన్నాయి. అడక్కుండానే తెచ్చాడు. సబ్బు కూడా.

సెలవురోజు మళ్ళీ అందరూ భోజనాలకి కూర్చున్నారు. కూతురు పాపని ఒళ్ళోంచి దింపలేదు. అల్లుడు ఏదో లిఫ్టు మధ్యలో ఆగిపోయిన కథ చెప్తున్నాడు. నూనెక్క వడ్డన పూర్తిచేసి, గరిటెల సొరుగులోంచి ఆ కాగితం తీసింది. సంతకం లేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చింది. బల్ల నిలబడింది. తర్వాత కూర్చుని, గొంతు పెంచకుండా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టే చెప్పింది.

"ఆ తుపాకీ ఇంటికి రాదు. పళ్ళ డాక్టరు తీసుకుంటున్నాడు. దానికి కొత్త పిడి నేను చేస్తున్నాను, చెక్కడం దగ్గర్నుంచీ. లోపలివైపు మీ నాన్న గుర్తు పక్కన నాదీ ఉంటుంది, చిన్న యజమానితో చెప్పేశాను. వచ్చిన డబ్బుతో దర్జీ వాటా తీసుకుంటున్నాం. పాత పిడి చెక్కలు మాత్రం అమ్మం, అవి నావి. మీ నాన్న మళ్ళీ ఒక గుంట పెట్టాలి వాటికి. నేను కదలకుండా పట్టుకుంటాను, ఆయన తీస్తారు. తొందరేం లేదు."

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. పాప ఒళ్ళోంచి జారి తాతగారి కంచం వైపు పాకింది.

"అయితే," అంది అత్తగారు, "నా మంచం వీధి కిటికీ దగ్గర వెయ్యండి. మరి నా మీద మోపిన ఆ సబ్బు సంగతేంటి?"

"దొంగ దొరికాడు అత్తయ్యా," అంది నూనెక్క, భర్త కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తూ. "అన్నం తింటున్నాడు."